పాత ల్యాప్‌టాప్‌తో ఇంట్లోనే సినిమా సర్వరు: పెళ్ళి సీడీ నుంచి టీవీ తెర దాకా

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా పిన్ని ఇంట్లో సినిమా సర్వరు (సినిమాలన్నీ దాచుకుని ఇంట్లోని టీవీకి అందించే కంప్యూటరు) పెట్టినప్పటి నుంచి గుణుపురం, రాయగడ, బరంపురం బంధువులందరిదీ ఒకటే ప్రశ్న: "మా ఇంట్లో ఎలా పెట్టుకోవాలి?" ఫోనులో చెప్పిన ప్రతిసారీ ఏదో ఒక మెట్టు మరచిపోతున్నాను. అందుకని మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ పనిలో సాఫ్ట్‌వేరు ఎక్కించడం అరగంట. మిగతా శ్రమంతా ఫైళ్ళను టీవీ చదవగలిగే రూపంలోకి తెచ్చుకోవడంలోనూ, వైరు వేయడంలోనూ ఉంది. చాలామంది ఆ అరగంట పని ముందు ముగించి, అసలు పని వదిలేసి, సినిమా ఆగి ఆగి వస్తోందని సర్వరును తిడతారు. కాబట్టి కింద చెప్పిన వరుస మార్చకండి.

1. టీవీ దగ్గర మొదలుపెట్టండి

సర్వరు సంగతి తర్వాత. ముందు మీ టీవీకి ఏమి చదవడం వచ్చో తెలుసుకోవాలి. వేర్వేరు రకాల వీడియోలు నాలుగైదు పెన్‌డ్రైవులో వేసి టీవీ వెనక గుచ్చండి. ఫ్యాట్32 అనే పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవులో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. పెద్ద ఫైలు పరీక్షించాలంటే దాన్ని ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా ఫార్మాట్ చేయండి.

బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే ఆ ఫైలులో ఆడియో డీటీఎస్ అనే రకం అయి ఉండే అవకాశం ఎక్కువ. చాలా టీవీలు దాన్ని పట్టించుకోవు. శబ్దం వచ్చి బొమ్మ రాకపోతే వీడియో హెచ్265 అనే కొత్త రకం అయి ఉండవచ్చు. పాత టీవీలకు అది రాదు.

ఒక కాగితం మీద రాసుకోవలసినవి:

- టీవీ మోడల్ సంఖ్య
- టీవీ యాప్ స్టోరులో జెల్లీఫిన్ (మన సర్వరుకు వాడబోయే ఉచిత సాఫ్ట్‌వేరు) దొరుకుతోందా
- వెనక ఈథర్నెట్ వైరు గుచ్చే చోటు ఉందా
- హెచ్265 ఆడిందా, డీటీఎస్ శబ్దం వచ్చిందా

యాప్ దొరకకపోతే టీవీ మార్చనక్కరలేదు. ఆండ్రాయిడ్ టీవీ పెట్టెకు గానీ ఫైర్ టీవీ స్టిక్‌కు గానీ జెల్లీఫిన్ యాప్ ఉంది. హెచ్‌డీఎంఐ రంధ్రం ఖాళీగా ఉంటే చాలు.

2. ఏ యంత్రం సరిపోతుంది

అటక మీద పడి ఉన్న ల్యాప్‌టాప్. తెర పగిలినదైనా, మీటలు ఊడినదైనా ఫరవాలేదు.

ల్యాప్‌టాప్ అనడానికి రెండు కారణాలు. మొదటిది కరెంటు ఖర్చు. సుమారు 15 వాట్లు తాగే ల్యాప్‌టాప్ రోజంతా నడిచినా నెలకు 11 యూనిట్లు. 60 వాట్లు తాగే పాత డెస్క్‌టాప్ అయితే 43 యూనిట్లు. రెండోది బ్యాటరీ: కరెంటు పోయినా సర్వరు ధడాలున ఆగిపోదు.

అయితే ఆ బ్యాటరీనే ముందు పరీక్షించాలి. ల్యాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టి ఒక మూల నొక్కండి. నిలకడగా కూర్చోకుండా ఊగినా, టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినా లోపల బ్యాటరీ ఉబ్బిందని అనుమానించాలి. దాన్ని గుచ్చవద్దు, వంచవద్దు. మెకానిక్ చేత తీయించండి. బ్యాటరీ బాగుంటే, 80 శాతం దగ్గర చార్జింగ్ ఆపే సదుపాయం ఆ ల్యాప్‌టాప్‌లో ఉందేమో చూసి పెట్టండి. రోజంతా ప్లగ్గులో ఉండే యంత్రానికి అది మేలు.

ప్రాసెసర్ విషయంలో: ఇంటెల్ ఆరో తరం నుంచి 8 బిట్ (మామూలు రంగుల) హెచ్265ను, ఏడో తరం నుంచి 10 బిట్‌ను (మరిన్ని రంగులది) చిప్పు తనంతట తానే మార్చగలదు. అంతకన్నా పాతదైనా పనికొస్తుంది, కానీ అప్పుడు అయిదో మెట్టు మీద మరింత శ్రద్ధ పెట్టాలి. కొందరు రాస్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు కొంటామంటున్నారు. ఫైళ్ళన్నీ టీవీకి నచ్చిన రూపంలోనే ఉంటే అది చాలు. కానీ రాస్‌బెర్రీ పై 5లో వీడియోను మార్చి ఎక్కించే హార్డ్‌వేరు లేదు. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉండగా దానికి డబ్బు పెట్టడం నాకు నచ్చదు.

విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 పట్టకపోతే లినక్స్ మింట్ గానీ ఉబుంటు గానీ వేయండి. అది కొత్త అయితే పక్కన తెలిసినవాళ్ళను కూర్చోబెట్టుకోండి.

3. డిస్కు ఎంత కావాలి

లెక్క తేలిక. సెకనుకు 8 మెగాబిట్ల వేగంతో ఉన్న రెండున్నర గంటల సినిమా 9 జీబీ. 1 టీబీ డిస్కు విండోస్‌లో 931 జీబీగా కనిపిస్తుంది, అంటే వంద సినిమాలు. మా పిన్ని ఇంట్లో ఇప్పటికీ సగం నిండలేదు.

డిస్కును ల్యాప్‌టాప్ యూఎస్‌బీ 3 రంధ్రంలో నేరుగా గుచ్చండి. చాలా వాటిలో అది లోపల నీలం రంగులో ఉంటుంది. అడాప్టర్ లేని యూఎస్‌బీ హబ్ ద్వారా పెడితే కరెంటు చాలక డిస్కు మధ్యలో మాయమవుతుంది. విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి డిస్కుకు ఒక స్థిరమైన అక్షరం ఇవ్వండి. లేకపోతే ఒకరోజు ఈ అక్షరం, మరొకరోజు ఆ అక్షరం వచ్చి లైబ్రరీ (సర్వరులోని సినిమాల జాబితా) మొత్తం ఖాళీగా కనిపిస్తుంది. నాకు ఫోను చేసినవాళ్ళలో ముగ్గురి సమస్య ఇదే.

4. వైరు వేయండి

పిన్ని ఇంట్లో మొదట వైఫైతోనే పెట్టాను. సినిమా పగలంతా చక్కగా ఆడేది. రాత్రి ఎనిమిదిన్నర అయ్యేసరికి గింజుకునేది. సర్వరు మార్చాను, యాప్ తీసి మళ్ళీ వేశాను, రౌటరును బీరువా మీదికి ఎక్కించాను. నాలుగో రోజు రాత్రి వంటింటి గుమ్మంలో కూర్చుని చూస్తే అర్థమైంది. బాబాయి షాపు మూసి వచ్చే వేళకు పిన్ని మైక్రోవేవ్‌లో కూర వేడిచేస్తోంది. మైక్రోవేవ్ పనిచేసేదీ, మామూలు వైఫై పనిచేసేదీ ఒకే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర. రౌటరుకూ టీవీకీ మధ్యలో ఉన్నది ఆ వంటిల్లే!

పదిహేను మీటర్ల క్యాట్ 5ఈ రకం ఈథర్నెట్ వైరు తెచ్చి, గుమ్మం చట్రం మీదుగా మేకులు కొట్టి లాగాను. ఆ తర్వాత మళ్ళీ ఆ ఫిర్యాదు రాలేదు.

చేయవలసిన పద్ధతి:

1. సర్వరు నుంచి రౌటరుకు వైరు తప్పనిసరి.
2. టీవీ నుంచి రౌటరుకు కూడా వైరు వేయగలిగితే వేయండి. టీవీ ఈథర్నెట్ 100 మెగాబిట్లదే అయినా చింత లేదు. మామూలు బ్లూరే సినిమాలో వీడియో గరిష్ఠంగా సెకనుకు 40 మెగాబిట్లు.
3. వైరు వీలుకాకపోతే టీవీని 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కలపండి. అది గోడలను సరిగా దాటదు; పాత పెంకుటిళ్ళ మందపాటి గోడలను అసలే దాటదు. రౌటరు, టీవీ ఒకే గదిలో ఉండాలి.
4. రౌటరు సెట్టింగులలో సర్వరుకు ఒక స్థిరమైన చిరునామా కేటాయించండి. ఉదాహరణకు 192.168.1.50. ఆ సంఖ్యను ల్యాప్‌టాప్ మీద కాగితం అంటించి రాయండి.

రౌటరులో బయటి నుంచి ఇంట్లోకి దారి తెరిచే పోర్ట్ ఫార్వర్డింగ్ జోలికి పోకండి. ఇంట్లో టీవీకి అది అవసరం లేదు.

5. ఫైళ్ళ తయారీ: ఇక్కడే ఓపిక కావాలి

ఏ టీవీ అయినా కాదనని రూపం ఒకటుంది: వీడియో హెచ్264, ఆడియో ఏఏసీ, ఆ రెండూ కలిపి ఉంచే ఫైలు ఎంపీ4. అలా ఉంటే సర్వరు ఫైలును ఉన్నదున్నట్టు టీవీకి అందిస్తుంది. లేకపోతే ఆడుతుండగానే కొత్త రూపంలోకి మార్చాలి. పాత ల్యాప్‌టాప్ ఫ్యాను హోరెత్తేది అప్పుడే.

పెళ్ళి సీడీలు. మన జిల్లాల్లో ప్రతి ఇంటి బీరువాలోనూ ఉంటాయివి. వీసీడీ తెరిస్తే ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డరు, అందులో డ్యాట్ అనే తోక ఉన్న ఫైలు కనిపిస్తాయి. దాన్ని డిస్కులోకి కాపీ చేసి, హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో ఎంపీ4గా మార్చండి. కాపీ మధ్యలో ఆగిపోతే సీడీని మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకు తుడవండి, గుండ్రంగా తిప్పుతూ కాదు. అప్పటికీ రాకపోతే మరో డ్రైవులో ప్రయత్నించండి. ఒక డ్రైవు చదవలేనిది మరొకటి చదవడం నేను చాలాసార్లు చూశాను.

వీసీడీ బొమ్మ 352 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తు మాత్రమే. యాభై అంగుళాల టీవీలో పెళ్ళికూతురు ముఖం అలుక్కుపోయినట్టు ఉంటుంది. దాన్ని 1080కి పెంచి మార్చినంత మాత్రాన కొత్త వివరం రాదు, ఫైలు మాత్రం లావెక్కుతుంది. ఉన్న కొలతలోనే ఉంచండి.

పెళ్ళి డీవీడీలు. వీడియోటీఎస్ అనే ఫోల్డరులో వీఓబీ ఫైళ్ళు, ఒక్కొక్కటి దాదాపు 1 జీబీ చొప్పున ముక్కలుగా ఉంటాయి. వాటిని విడివిడిగా మార్చకండి. ఫోల్డరునే హ్యాండ్‌బ్రేక్‌లో తెరిస్తే అన్నింటినీ కలిపి ఒకే వీడియోగా చూపిస్తుంది. నాణ్యత సంఖ్య 20 దగ్గర పెట్టండి (సంఖ్య తగ్గేకొద్దీ నాణ్యతా, ఫైలు పరిమాణమూ పెరుగుతాయి). కదిలే చేతుల అంచుల్లో దువ్వెన పళ్ళలాంటి గీతలు కనిపిస్తే ఫిల్టర్లలో డీఇంటర్లేస్ ఎంచుకుని మళ్ళీ మార్చండి. ముందు రెండు నిమిషాల ముక్క మార్చి టీవీలో చూసి, ఆ తర్వాతే మొత్తం పెట్టండి. మూడు గంటల వీడియో రాత్రంతా మార్చి, పొద్దున లేచి దువ్వెన గీతలు చూసిన అనుభవంతో చెబుతున్నాను.

కొన్న సినిమా డిస్కులకు తాళం ఉంటే హ్యాండ్‌బ్రేక్ తెరవదు. పాత చిత్రాల సంగతి అడుగుతున్నారు: మన దేశంలో సినిమాకు కాపీరైటు, విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్ళు. ఎక్కడి నుంచో దింపిన కొత్త సినిమాల గురించి నన్ను అడగవద్దు.

పేర్లు. ఒక్కో సినిమాకు ఒక్కో ఫోల్డరు. ఫోల్డరుకూ, లోపలి ఫైలుకూ ఒకే పేరు: సినిమా పేరు, ఖాళీ, బ్రాకెట్లో విడుదలైన సంవత్సరం. పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, టీఎండీబీ అనే సినిమా సమాచార నిధిలో ఎలా ఉందో అలా రాయండి. సంవత్సరం మానేస్తే మనకే నష్టం. మన సినిమాల్లో ఒకే పేరు పదేసి ఏళ్ళకోసారి తిరిగి వస్తుంది. నలుపు తెలుపు చిత్రానికి నిన్నటి కథానాయకుడి పోస్టరు తగులుకుంటుంది.

ముందుకు వెళ్ళే ముందు:

- మచ్చుకు మార్చిన ఒక ఫైలు పెన్‌డ్రైవుతో టీవీలో ఆడిందా
- సినిమాలు ఒక పెద్ద ఫోల్డరులో, ఇంటి వీడియోలు వేరే ఫోల్డరులో ఉన్నాయా
- అన్ని పేర్లలోనూ సంవత్సరం ఉందా

6. జెల్లీఫిన్ ఎక్కించడం

ఇలాంటి పనే చేసే ప్లెక్స్ అనే సాఫ్ట్‌వేరు కూడా మంచిదే, కానీ దానికి ఆన్‌లైన్ ఖాతా కావాలి. ఘాట్ రోడ్డులో ఎక్కడో చెట్టు పడి ఫైబరు తెగితే రెండు రోజులు నెట్టు ఉండని ఊళ్ళు మనవి. జెల్లీఫిన్‌కు ఖాతా అక్కరలేదు, డబ్బూ అక్కరలేదు, అంతా ఇంట్లోనే.

1. జెల్లీఫిన్ అధికారిక సైటు నుంచి విండోస్‌కు సరిపడే జెల్లీఫిన్ సర్వరు దింపి ఎక్కించండి.
2. ఫైర్‌వాల్ అనుమతి అడిగితే ప్రైవేట్ నెట్‌వర్క్‌కు సరే అనండి. విండోస్‌లో మీ నెట్‌వర్క్ పబ్లిక్ అని ఉంటే ప్రైవేట్‌గా మార్చండి.
3. బ్రౌజరులో 192.168.1.50:8096 అని కొట్టండి. చివరి 8096 మరచిపోవద్దు.
4. నిర్వాహకుడి పేరు, సంకేతపదం పెట్టండి.
5. లైబ్రరీ చేర్చేటప్పుడు సినిమాలకు మూవీస్ రకం ఎంచుకోండి.
6. పెళ్ళి వీడియోలకు హోమ్ వీడియోస్ రకం ఎంచుకోండి. వాటిని మూవీస్‌లో వేస్తే ఆ పేరుకు దగ్గరగా ఉన్న సినిమా కోసం నెట్టులో వెతుకుతుంది. మా అన్నయ్య పెళ్ళికి ఏదో విదేశీ దయ్యాల సినిమా పోస్టరు తగిలించింది. వదిన ఇప్పటికీ అది నా పనే అనుకుంటుంది.
7. ప్లేబ్యాక్ విభాగంలో ట్రాన్స్‌కోడింగ్ (ఆడుతుండగానే రూపం మార్చడం) తెరిచి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఆ పనిని చిప్పుకే అప్పగించే క్విక్‌సింక్ ఎంచుకోండి.
8. విండోస్ పవర్ సెట్టింగులలో నిద్ర ఎప్పటికీ వద్దని, మూత మూస్తే ఏమీ చేయవద్దని పెట్టండి.

లినక్స్ వేసినవాళ్ళకు ఒక హెచ్చరిక. అక్కడ సర్వరు తన పేరుతో ఉన్న వేరే వినియోగదారుగా నడుస్తుంది. మీకు కనిపించే డిస్కు దానికి కనిపించకపోవచ్చు. డిస్కును మీ సొంత ఖాతా కింద కాకుండా అందరికీ అందే చోట మౌంట్ చేసి (అంటే తగిలించి), ఫోల్డర్లకు చదివే, తెరిచే అనుమతులు ఇవ్వండి.

7. టీవీలో కలపడం

టీవీలో యాప్ తెరిస్తే సర్వరు దానంతట అదే కనిపించాలి. కనిపించకపోతే చిరునామా కొట్టండి. రిమోట్‌తో సంకేతపదం కొట్టడం నరకం, కాబట్టి క్విక్ కనెక్ట్ వాడండి: టీవీ ఆరు అంకెలు చూపిస్తుంది, ఫోనులో జెల్లీఫిన్ తెరిచి మీ ప్రొఫైల్ కింద ఆ అంకెలు కొట్టాలి, అంతే.

ఒక సినిమా పెట్టి, అది ఆడుతుండగా సర్వరు డ్యాష్‌బోర్డ్ చూడండి. డైరెక్ట్ ప్లే (ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తోంది) అని ఉంటే మీ శ్రమ ఫలించినట్టే. ట్రాన్స్‌కోడింగ్ అని ఉంటే కారణం కూడా అక్కడే ఉంటుంది: వీడియో, ఆడియో, సబ్‌టైటిల్ ఈ మూడింటిలో ఏదో ఒకటి. ఆడియో ఒక్కటే మారుస్తుంటే పాత ల్యాప్‌టాప్ కూడా మోయగలదు. వీడియో మారుస్తుంటే మాత్రం ఆ ఫైలును హ్యాండ్‌బ్రేక్‌కు పంపండి.

8. రెండు భాషల ఇల్లు

మా ఇళ్ళలో నాన్నమ్మకు తెలుగు లిపి ఒక్కటే తెలుసు. పిల్లలు ఒడియా బడికి వెళ్తారు, తెలుగు గడగడా మాట్లాడతారు కానీ చదవలేరు. కాబట్టి ఒక్కొక్కరికి ఒక్కో ఖాతా చేయండి. ఎవరి ఖాతాలో వారి ఆడియో భాష, సబ్‌టైటిల్ భాష ఎంచుకోవచ్చు.

ఎంచుకున్నా పనిచేయడం లేదంటే తప్పు సాధారణంగా ఫైలులో ఉంటుంది. రెండు ఆడియోలున్న ఎంకేవీ (ఎంపీ4లాంటి మరో రకం) ఫైలులో ఏది ఏ భాషో రాసి ఉండకపోతే సర్వరుకు తెలియదు. ఎంకేవీటూల్‌నిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో ఫైలు తెరిచి, ఒక్కో ఆడియోకూ తెలుగు అనీ ఒడియా అనీ భాష చీటీ తగిలించి భద్రపరచండి. వీడియో మారదు కాబట్టి నిమిషాల్లో అయిపోతుంది.

సబ్‌టైటిళ్ళు పెట్టిన మొదటి రాత్రి నాన్నమ్మ పిలిచింది: "ఒరే, అక్షరాలుండాల్సిన చోట పిచ్చి గీతలు వస్తున్నాయిరా, నా కళ్ళే పోయాయా?" కళ్ళు కాదు, సబ్‌టైటిళ్ళుండే ఎస్‌ఆర్‌టీ ఫైలు యూటీఎఫ్-8 అనే అక్షర పద్ధతిలో లేదు. నోట్‌ప్యాడ్‌లో తెరిచినప్పుడు తెలుగు సరిగా కనిపిస్తే, సేవ్ యాజ్ నొక్కి ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకోండి. నోట్‌ప్యాడ్‌లోనూ పిచ్చి గీతలే ఉంటే అది అను ఫాంట్లలాంటి పాత డీటీపీ ఫాంటుతో కొట్టినది. ముందు యూనికోడ్‌లోకి మార్చాలి. గీతలు కాక ఖాళీ పెట్టెలు వస్తుంటే తెలుగు ఫాంటు లేనట్టు. కంప్యూటర్ బ్రౌజరులో చూసేటప్పుడైతే ప్లేబ్యాక్ సెట్టింగులలో ఫాల్‌బ్యాక్ ఫాంట్ల ఫోల్డరు చూపించి, అందులో నోటో శాన్స్ తెలుగు వేసి చూడండి. టీవీ తనలోనే తెలుగు ఫాంటు లేనిదైతే ఫైర్ టీవీ స్టిక్ పెట్టుకోవడం మేలు.

సబ్‌టైటిల్ ఫైలుకు సినిమా ఫైలు పేరే పెట్టి, చివర చుక్క, భాష రెండక్షరాల సంకేతం చేర్చండి: తెలుగుకు టి, ఇ, ఒడియాకు ఓ, ఆర్. డిస్కుల నుంచి వచ్చే బొమ్మ రూపపు సబ్‌టైటిళ్ళు చాలా టీవీలలో వీడియో మొత్తాన్ని మార్పిస్తాయి, కాబట్టి అక్షర రూపపు ఎస్‌ఆర్‌టీనే వాడండి.

9. కరెంటు, నెట్టు పోయినప్పుడు

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పటిలాంటి రోజుల్లో ఏ సర్వరూ ఆదుకోదు. ఫోనులో చార్జింగ్ మిగిల్చుకోవడమే. ఇక్కడ చెబుతున్నది మామూలు కోతల సంగతి.

ఇన్వర్టరు మీద టీవీ నడిచినా రౌటరు ఆగితే సర్వరుకూ టీవీకీ మాట ఆగిపోతుంది. రౌటరును కూడా ఇన్వర్టరు లైనులో పెట్టండి, లేదా చిన్న రౌటరు యూపీఎస్ కొనండి. కొనేముందు రౌటరు అడాప్టర్ మీద వోల్టు చూడండి. 12 వోల్టుల రౌటరుకు 12 వోల్టులే ఇవ్వాలి. ఆంపియర్లు సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండవచ్చు.

అంతా అయ్యాక ఒక సాయంత్రం ఫైబరు వైరు పీకి, రౌటరు మాత్రం నడుస్తుండగా టీవీలో సినిమా పెట్టండి. ఆడితే సరే. పోస్టర్లు, నటుల వివరాలు మొదటిసారే సర్వరులో చేరి ఉంటాయి, వాటికీ ఇబ్బంది ఉండదు.

10. తరచూ వచ్చే ఫిర్యాదులు

- సర్వరు టీవీకి కనిపించడం లేదు: టీవీ అతిథుల వైఫైలో ఉందేమో చూడండి. తర్వాత ఫైర్‌వాల్.
- కొత్త సినిమా వేశాను, రాలేదు: డ్యాష్‌బోర్డ్‌లో లైబ్రరీ స్కాన్ నొక్కండి.
- తప్పు పోస్టరు: సినిమా మెనూలో ఐడెంటిఫై నొక్కి సరైన పేరు, సంవత్సరం ఇవ్వండి. పాత ఒడియా చిత్రాలకు పోస్టరు దొరకకపోతే డిస్కు అట్ట ఫొటో తీసి, ఎడిట్ ఇమేజెస్‌లో మీరే ఎక్కించండి.
- పది నిమిషాలు ఆడాక ఆగుతోంది: ల్యాప్‌టాప్ అడుగున చెయ్యి పెట్టండి. కాలుతుంటే దుమ్ము దులిపించి, రెండు చెక్క ముక్కల మీద ఎత్తుగా పెట్టండి. పరుపు మీద, బీరువా లోపల వద్దు.
- పొద్దున లేచేసరికి సర్వరు లేదు: విండోస్ రాత్రి అప్‌డేట్ చేసుకుని తిరిగి మొదలైంది. ఎక్కించేటప్పుడే జెల్లీఫిన్‌ను సర్వీసుగా ఎంచుకుంటే లాగిన్ చేయకపోయినా మొదలవుతుంది.
- డిస్కు టిక్కు టిక్కుమంటోంది: ఇక వెతకడాలు, స్కాన్‌లు ఆపి, ముందు ఇంటి వీడియోలు వేరే డిస్కులోకి కాపీ చేయండి.

ఈ చివరిదాని కోసం రెండో డిస్కు ముందే ఉండాలి, అదీ వేరే ఇంట్లో. మా పెళ్ళి వీడియోల రెండో డిస్కు గుణుపురంలో మేనత్త బీరువాలో, పట్టుచీరల కింద ఉంది. ఏటా సంక్రాంతికి వెళ్ళినప్పుడు కొత్త వీడియోలు అందులో వేసి, నాలుగైదు తెరిచి చూసి, మళ్ళీ అక్కడే పెట్టి వస్తాను.